ఇరవై ఏడో పేజీలో చుక్క

తొమ్మిదో పుస్తకం మొదటి పేజీ తిప్పగానే గది తలుపు రెండడుగులు వెనక్కి జరుగుతుంది. రెండో పేజీ తిప్పితే ఇంకో రెండడుగులు. నేను మంచం దిగి, పాదం ముందు పాదం పెట్టి కొలిచి చూస్తాను. లెక్క సరిపోతుంది. మళ్లీ మంచమెక్కి, దిండు నడుముకి ఆనించుకుని చదువుతాను.

గోడ గడియారంలో మధ్యాహ్నం మూడుంపది. మూడు పేజీల క్రితం కూడా మూడుంపదే. మంచి పుస్తకం పట్టుకున్నప్పుడు గడియారాలు అలాగే చేస్తాయి, దానికి కంగారు పడనక్కర్లేదు.

తలుపు అవతల హైమక్క పీట వేసుకుని గోరుచిక్కుళ్లకి ఈనెలు తీస్తోంది. ఆవిడ నా తోడికోడలు, మా బావగారి భార్య. ఒకే ఇంట్లో రెండు వాటాల్లో ముప్ఫై ఏళ్లుగా ఉంటున్నాం. మేమిద్దరం కూరలు పంచుకున్నది తక్కువ, పుస్తకాలు పంచుకున్నది ఎక్కువ. అన్నిట్లోకీ మాకు ప్రాణం ‘తొమ్మిది రేవుల రాజ్యం’. ఏటి మీద తొమ్మిది రేవులు, రేవుకో పుస్తకం. ఆఖరి రేవు చేరితే రాకుమారి నీలవేణికి పోయిన రాజ్యం దొరుకుతుంది. ఎనిమిదో పుస్తకం తర్వాత పదకొండేళ్లు ఆగాం. తొమ్మిదోది ఇవాళ పొద్దున పోస్టులో వచ్చింది.

“వకుళా, ఎంతవరకూ వచ్చావే?” అంటుంది హైమక్క.

“ఇప్పుడే మొదలెట్టానక్కా.”

“దాటేసి చదవకు.”

“లేదులే.”

తలుపు పది గజాల దూరానికి వెళ్లిపోయింది. ఆవిడ గొంతు మాత్రం నా చెవి పక్కనే ఉంది.

హైమక్కకి ఇప్పుడు వెలుగూ నీడా తప్ప ఏమీ కనిపించవు. అందుకని పుస్తకం ముందు నేను చదువుతాను, తర్వాత మధ్యాహ్నాలు ఆవిడకి పైకి చదివి వినిపిస్తాను. ఉన్నది ఉన్నట్టు వినిపించాలని మా ఒప్పందం. ఆ ఒప్పందం నేను పంతొమ్మిదేళ్ల క్రితమే తప్పాను.

నాలుగో పుస్తకంలో సరంగు గవరయ్య చనిపోతాడు. రాకుమారి పడవ నడిపే ముసలాయన. పడవ సుడిగుండంలో చిక్కుకుంటే, దిగి దాన్ని భుజం మీద ఎత్తిపట్టుకుని, అందరూ ఒడ్డెక్కేదాకా నిలబడి, ఆ తర్వాత మునిగిపోతాడు. రెండువందల పన్నెండో పేజీ. నేనది వినిపించాల్సిన రోజుకి హైమక్కకి కళ్ల ఆపరేషన్ అయి నాలుగు రోజులు. కళ్లకి కట్టు ఉంది. కంట్లో నీళ్లు రాకూడదని, ఆవిణ్ణి ఏడిపించొద్దని డాక్టరు మరీ మరీ చెప్పాడు. నేను ఆ పేజీ దగ్గరికి రాగానే “గవరయ్య ఈదుకుంటూ ఒడ్డెక్కాడు” అని చదివేశాను.

అబద్ధమాడితే అతికినట్టుండాలంటారు. నాది మరీ గట్టిగా అతుక్కుంది. ఐదో పుస్తకంలో గవరయ్య లేడు కాబట్టి నేనే పెట్టాల్సి వచ్చింది. ఆరులో, ఏడులో, ఎనిమిదిలో కూడా. ఆయనకి ఆకుపచ్చ తువ్వాలు ఇచ్చాను. రాకుమారి గుర్రమంటే కుళ్లు పెట్టాను. “ఇవాళ గవరయ్య ఏం చేస్తున్నాడే?” అని హైమక్క మొట్టమొదట అడిగేది. రాసినాయన రాసినవాటికంటే నేను కల్పించినవాటికే ఎక్కువ నవ్వేది. నాకు లోపల సిగ్గుగానూ ఉండేది, కాస్త గర్వంగానూ ఉండేది. పుస్తకాలన్నీ మళ్లీ మళ్లీ చదివి వినిపించాను గానీ నాలుగోది మాత్రం తెరవలేదు. అది నోటికొచ్చని చెప్పి చూడకుండానే అప్పజెప్పేదాన్ని.

ఇది ఆఖరి పుస్తకం. ఇందులో గవరయ్యని ఎక్కడో ఒకచోట సర్దేసి, హైమక్కకి అనుమానం రాకుండా బయటపడాలి. పొద్దున్నుంచీ నా ఆలోచనంతా అదే.

ఇరవై ఏడో పేజీకి వస్తాను. ఇక్కడ ఆగి పెన్సిలు తీయాలి. అద్దె లైబ్రరీల్లో నవలలు తెచ్చుకుని చదివిన ఆడవాళ్లకి ఒక అలవాటు ఉంటుంది. చదివేసిన పుస్తకమే మళ్లీ తెచ్చుకోకుండా, తమకు తెలిసిన ఏదో ఒక పేజీలో అంకె కింద చిన్న గుర్తు పెట్టుకుంటారు. మా వీధి లైబ్రరీలో ఒక్కో నవల పాతిక గుర్తులతో ఉండేది. మా ఇద్దరిదీ ఇరవై ఏడో పేజీ. నాది మూడు గీతలు. హైమక్కది చుక్క, చుట్టూ సున్నా. కళ్లతో చదివిన పుస్తకానికే ఆవిడ గుర్తు పెడుతుంది. “విన్నది చదివినట్టు కాదే” అంటుంది. లైబ్రరీ మూసేసినప్పుడు ఎనిమిది పుస్తకాలూ ఆ గుర్తులతో సహా మాకిచ్చేశారు. అవి ఈ మంచం కింద ట్రంకుపెట్టెలో ఉన్నాయి.

మూడు గీతలు గీసి తలెత్తుతాను. మంచానికి కాళ్లవైపు సరంగు గవరయ్య కూర్చుని ఉన్నాడు.

భుజం మీద ఆకుపచ్చ తువ్వాలుంది. కుడి దవడ వాచి ఉంది. ఒంటి మీంచి నీళ్లు కారుతున్నాయి గానీ దుప్పటి తడవడం లేదు.

“ఆరో పుస్తకంలో నాకు పన్నునొప్పి ఎట్టారండి,” అంటాడు. “తగ్గించడం మర్సిపోయారు.”

“నిజమే. మర్చిపోయాను.”

“పదిహేనేళ్లయిందండి. పర్లేదు, అలవాటైపోయింది.”

“ఈ పుస్తకంలో మీరున్నారా?” అని అడుగుతాను.

“నేనెందుకుంటానండి? అచ్చులో ఎప్పుడో సచ్చిపోయాను కదా. అప్పట్నించీ మీ నోట్లో ఉంటన్నాను. ఈ పుస్తకం అయిపోతే మీరు నోరు మూసుకుంటారు. అప్పుడు నేనెక్కడుండాలండి?”

అడగాల్సిన ప్రశ్నే. నేను మాట మారుస్తాను. “తలుపు జరుపుతున్నది మీరేనా?” అంటాను.

“ఆయ్, నేను సరంగునండి. పడవ నడుపుతాను గానీ రేవుని జరపలేను. మీరు సదివేకొద్దీ అదే దూరమవుద్ది. నన్ను దింపకుండా ఈ గది ఒడ్డుకి రాదండి.”

కిందికి చూస్తాను. గచ్చు మీద చీలమండల లోతున నీళ్లున్నాయి. మంచం కొద్దిగా ఊగుతోంది.

పుస్తకం దిండు కింద పెట్టి, చీర కుచ్చిళ్లు పైకి దోపుకుని, తలుపు వైపు నడుస్తాను. చాలాసేపు నడుస్తాను. గోడకి తగిలించిన క్యాలెండరు దాటుతాను. ఇంకొంచెం నడిస్తే అదే క్యాలెండరు. దాని తర్వాత ఒక మంచం వస్తుంది. దాని మీద గవరయ్య దవడ పట్టుకుని కూర్చుని ఉంటాడు. దిండు కింద పుస్తకం ఉంటుంది.

“గవరయ్య వచ్చాడే?” అంటుంది హైమక్క చెవి పక్కనుంచి.

“వచ్చాడక్కా.” పంతొమ్మిదేళ్లలో గవరయ్య గురించి నేను చెప్పిన మొదటి నిజం ఇది.

“ఏం చేస్తున్నాడు?”

“కూర్చున్నాడు.”

“పాపం, ఎప్పుడూ నిలబెట్టే ఉంచుతావు,” అని ఇంకో గోరుచిక్కుడుకాయ తీసుకుంటుంది.

నాకు భయం వేస్తుంది. ఆయన్ని దింపాలంటే ఆయన చనిపోయాడని చెప్పాలి. ఎప్పుడు చనిపోయాడో కూడా చెప్పాలి. చెబితే కళ్లులేని మనిషిని ఇన్నేళ్లు మోసం చేశానని తేలిపోతుంది. చెప్పకపోతే ఈ గదిలోంచి బయటికి పోలేను. అడుసు తొక్కనేల, కాలు కడగనేల అని మా నాయనమ్మ ఊరికే అనలేదు. ఇక్కడ కాలు కడగడానికి నీళ్లకి మాత్రం లోటు లేదు.

చదువుతాను. ఇంకేం చేయను? నీళ్లు మంచం పట్టెల దాకా వస్తాయి. రాకుమారి ఏడు తలల కొండచిలువని నిద్రపుచ్చుతుంది, అన్నని క్షమిస్తుంది, ఉప్పుకోట దాటుతుంది. ప్రతి పేజీకీ తలుపు చిన్నదవుతుంది. కిటికీ అంత, తర్వాత పోస్టుకార్డు అంత, తర్వాత అగ్గిపెట్టె అంత. ఆఖరి పేజీలో పడవ తొమ్మిదో రేవులో ఆగుతుంది. రాకుమారి ఒక్కతే దిగుతుంది. పడవలో దాన్ని తోసే గెడకర్ర ఒకటి ఉందని రాసి, రాసినాయన అక్కడితో ఆపేశాడు.

“నా సావు ఎలాగుందో ఒకసారి సదివి వినిపిస్తారా?” అంటాడు గవరయ్య. “నేనెప్పుడూ వినలేదండి.”

నీళ్లలో చెయ్యి పెట్టి ట్రంకుపెట్టె తడుముతాను. నాలుగో పుస్తకం పొడిగానే చేతికొస్తుంది. అలవాటు కొద్దీ అది ఇరవై ఏడో పేజీ దగ్గర తెరుచుకుంటుంది.

అంకె కింద నా మూడు గీతలున్నాయి. వాటి పక్కన చుక్క ఉంది. చుక్క చుట్టూ సున్నా ఉంది. గీత వణికింది, రెండు కొసలూ కలవలేదు.

ఐదో పుస్తకం తీసి చూస్తాను. నా గీతలొక్కటే. ఆరు, ఏడు, ఎనిమిది కూడా అంతే. మళ్లీ నాలుగు తీసి రెండువందల పన్నెండో పేజీకి తిప్పుతాను. కాగితం రూపాయి బిళ్లంత మేర రెండు చోట్ల ఉబ్బి ఎండిపోయి ఉంది.

కట్టు విప్పాక హైమక్కకి రెండు నెలలు కాస్త చూపు నిలిచింది, భూతద్దం పెట్టుకుంటే అక్షరాలు తెలిసేవి. ఆ తర్వాత అది కూడా పోయింది. ఆ మిగిలిన చూపుతో ఆవిడ చదివింది ఇదన్నమాట. తల వంచుకుంటాను, హైమక్క చూడలేకపోయినా.

“అక్కా, నాలుగో పుస్తకం నువ్వు చదివావా?”

ఈనెలు తుంచే చప్పుడు ఆగుతుంది.

“చదివాను.”

“మరి నాతో ఎందుకు అనలేదు?”

“అంటే నువ్వు ఆపేస్తావుగా,” అంటుంది హైమక్క. “నువ్వంత కష్టపడి బతికిస్తుంటే నేనెందుకే చంపడం? రోజూ మధ్యాహ్నం అయ్యేసరికి, ఇవాళ ఈ పిల్ల వాడికి ఏం పెడుతుందా అని చూసేదాన్ని. నాకు చూడ్డానికి ఇంకేం మిగిలిందని?”

నేను ఏడుస్తాను. గవరయ్య మర్యాదగా అటు తిరిగి కూర్చుంటాడు.

“ఇంక దింపెయ్యవే,” అంటుంది ఆవిడ. “ఎన్నాళ్లని నీళ్ల మీద ఉంటాడు ముసలాడు? ముందు ఆ పన్నునొప్పి తగ్గించు. మర్చిపోయావు నువ్వు.”

తొమ్మిదో పుస్తకం ఆఖరి పేజీ తీసి పైకి చదువుతాను. రాకుమారి దిగింది. ఆ వెనకాల సరంగు గవరయ్య దిగాడు. ఒడ్డున కాలు పెట్టగానే పన్నునొప్పి పోయింది. భుజం తడుముకున్నాడు, పడవ బరువు లేదు. “ఇంక నేను పడుకుంటానమ్మా” అన్నాడు. రాకుమారి తువ్వాలు పరిచింది. పడుకున్నాడు. మళ్లీ లేవలేదు.

నా గొంతు ముందు పోతుంది, అచ్చు అక్షరాలు వెనకాలే వచ్చి కాగితం మీద కూర్చుంటాయి. గవరయ్య లేచి నిలబడతాడు. దవడ వాపు లేదు. నాలుగో పుస్తకం మంచం మీద రెండువందల పన్నెండో పేజీ దగ్గర తెరిచే ఉంది. అందులోకి దిగి, అటు తిరిగి పడుకుని, పేజీని దుప్పటిలా మీదికి లాక్కుంటాడు.

తలుపు అవతల ముక్కు ఎగపీల్చిన చప్పుడవుతుంది.

“ఏడుస్తున్నావా అక్కా?”

“ఇప్పుడు ఏడవచ్చులేవే. డాక్టరు ఏమీ అనడు.”

నీళ్లు తీస్తాయి. నేను మంచం దిగి తలుపు కోసం ఎదురుచూస్తాను. దింపితే ఒడ్డు వస్తుందని ఆయనే అన్నాడు. తలుపు రాదు. గోడలు వస్తాయి, నాలుగు వైపుల నుంచీ, తెల్లగా, నున్నగా. పుస్తకాల అట్టలు అతికించే మైదా జిగురు వాసన వేస్తుంది. మంచం, గడియారం, ట్రంకుపెట్టె ఒక్కొక్కటీ పల్చబడి మాటలైపోతాయి. నా ముందూ వెనకా బారులు తీరిన నల్లటి వరసలు. వాటిని నేను చదవగలను. తొమ్మిదో పుస్తకం మొదటి పేజీ తిప్పగానే గది తలుపు రెండడుగులు వెనక్కి జరుగుతుంది, అని ఎక్కడో పైన మొదలైంది.

అవతలికి పోవడానికి దారి లేదు. నా నెత్తి మీద ఇరవై ఏడు అంకె ఉంది, మా వాకిలి తలుపంత ఎత్తున.

పై నుంచి కప్పు విడిపోయి వెలుగు పడుతుంది. నాలుకకి అద్దుకున్న బొటనవేలు ఒకటి, గది వెడల్పున, అంచు మీద వాలుతుంది. గోరుచిక్కుడు వాసన వేస్తుంది. దాని వెనకాల హైమక్క ముఖం. రెండు కళ్లూ తెరిచి ఉన్నాయి. అవి వరస వెంట వరస కదులుతూ, ఎక్కడా దాటేయకుండా, నా దాకా వచ్చి ఆగుతాయి.

“కనిపిస్తున్నానా అక్కా?”

“కనిపిస్తున్నావే. కదలకు.”

కరెంటు స్తంభమంత పెన్సిలు నా పాదాల ముందు దిగుతుంది. నా చుట్టూ నెమ్మదిగా తిరుగుతుంది. చెయ్యి వణకడం లేదు. గీత నా వెనక నుంచి వచ్చి, మొదలైన చోటికి చేరుకుంటుంది. ఈసారి సున్నా కలుస్తుంది. మధ్యలో చుక్క ఉండాల్సిన చోట నేను నిలబడి ఉన్నాను.