పెనాక్ చెయ్యి చాచని రోజు

1852 అక్టోబరు పదిహేడు, ఆదివారం. ఆ పొద్దున మొక్కజొన్న సంకటిలో పాలు, మేపుల్ చెట్టు రసం చక్కెర వేసుకుని సగమే తిన్నానని ఆసా పెనాక్‌కు చివరిదాకా గుర్తుంది. బానిసలు పండించిన చెరకు చక్కెర ఆ ఇంటి గడప తొక్కదు. అయినా గడ్డి కొట్టంలో, బానిసత్వం ఉన్న కెంటకీ నుంచి పారిపోయి వచ్చిన వైనీ, ఆమె చంటిపిల్ల ఉన్నారని కూతురు తాబితా చెప్పగానే ఆయనకు ముద్ద దిగలేదు.

“ఇప్పుడా చెప్పడం?”

“ముందే చెబితే వద్దనేవాడివి నాన్నా.”

“పారిపోయినవాళ్ళను పట్టివ్వాలన్నది చెడ్డదైనా చట్టం చట్టమేనమ్మా. దాన్ని తెంపుకుంటూ పోతే రేపు రెండు వైపులా తుపాకులే మాట్లాడతాయి.”

“తుపాకీ పట్టమని నిన్నెవరడిగారు? బండి నేను తోలుతాను. సాయంత్రానికి సరస్సు రేవు చేరితే పడవుంది. అవతల కెనడా.”

ఆసా లేచాడు. పోయిన భార్య శాలువా తెచ్చి చంటిదానికి చుట్టి, ప్రార్థనకు వెళ్ళిపోయాడు.

ఆసా వాళ్ళు క్వేకర్లనే క్రైస్తవ శాఖవాళ్ళు; వాళ్ళ ప్రార్థనలో పాటలుండవు, పాదిరీ ఉండడు. అందరూ మౌనంగా కూర్చుంటారు. ముందు బల్ల మీది పెద్ద పక్కవాడికి చెయ్యి అందిస్తే ముగిసినట్టు. అందాకా ఎవరూ లేవరు. పదకొండేళ్ళుగా ఆ పెద్ద ఆసాయే.

గంట గడవకముందే తలుపు తెరుచుకుంది. ఊళ్ళో పుట్టి పెరిగిన పోలీసు ఆరిన్, అతని వెనక, పారిపోయిన బానిసల్ని డబ్బుకు పట్టిచ్చే క్రెయిల్.

“పెనాక్ ఎవడు? లేవరా!” అన్నాడు క్రెయిల్.

ఆరిన్ అతని చెయ్యి పట్టి ఆపాడు. “ప్రార్థన చెడగొడితే ఈ జిల్లాలో నన్నే లోపలేస్తారండీ. కాసేపు ఆగుదాం. ఇల్లు వెతికాం, బండి లేదు. మూడు దార్లలో ఎటెళ్ళిందో ఆయన్నే అడుగుదాం. వీళ్ళు అబద్ధమాడరు.”

“ప్రార్థనా ఇది? ఒక్కడూ నోరు మెదపడే! సరే, అబద్ధమాడరంటే మరీ మంచిది.”

ఆసా విన్నాడు. అడిగితే చెప్పేస్తాడు. అబద్ధం ఆయన నోట రాదు. అడగాలంటే ప్రార్థన ముగియాలి.

మధ్యాహ్నమైంది. పక్కనున్న ఇలైహూ అలవాటు ప్రకారం చెయ్యి కొద్దిగా ముందుకు చాపాడు. ఆసా చేతులు మోకాళ్ళ మీది నుంచి కదల్లేదు. ఇలైహూ ఒక్క క్షణం ఆయన ముఖంలోకి చూసి, తన చెయ్యి మెల్లగా వెనక్కి తీసుకున్నాడు. ఆకలేసిన పిల్లలు తల్లుల ఒళ్ళో నిద్రపోయారు. ఏ ఒక్కరూ లేవలేదు.

బయట రోడ్డు మీద ఊరివాళ్ళు పోగయ్యారు. “పట్టేవాళ్ళను తరిమికొట్టండి!” అన్న కేకలు, తుపాకులు సిద్ధం చేసుకుంటున్న చప్పుడు వినిపించాయి. క్రెయిల్ పిస్తోలు తీశాడు. ఆరిన్ అతనికీ జనానికీ మధ్య నిలబడి, “నన్ను దాటి ఎవరూ రావద్దు” అంటూనే ఉన్నాడు. దేనికి భయపడ్డాడో అది తన మౌనంతోనే గుమ్మంలోకి వచ్చిందని ఆసాకు తెలిసింది. అయినా చెయ్యి చాచలేదు.

పొద్దు గుంకాక ఆసా ఇలైహూ చెయ్యి పట్టుకున్నాడు.

క్రెయిల్ మీదికొచ్చాడు. “ఎటెళ్ళింది?”

“సరస్సు రేవుకి. పడవ వెళ్ళిపోయుంటుంది. నువ్వు అందుకోలేవు.”

“నన్ను నువ్వంటావా?”

“మేం అందర్నీ అంతే అంటాం.”

“ఈసారి దండుతో వస్తాం!”

“రండిరా, చూస్తాం!” అన్నారు రోడ్డు మీదివాళ్ళు. ఎవరి గొంతులోనూ వేళాకోళం లేదు.

“వాళ్ళను దాచినందుకు రేపు నిన్ను కోర్టుకి తీసుకెళ్ళాలి తాతా” అన్నాడు ఆరిన్ తల దించుకుని.

“పొద్దున్నే రా. సంకటి తిని వెళ్దాం.”

అందరూ వెళ్ళారు. వెనక బల్ల మీద ఒక తల్లి ఇంకా బిడ్డకు పాలిస్తోంది. ఆమె లేచేదాకా ఆసా గుమ్మంలో నిలబడి, తర్వాత చప్పుడు కాకుండా తలుపు మూశాడు.