మబ్బు మీద ఎర్ర తోటకూర

ఇలా దగ్గరికి జరుగు చిన్నూ, ఆ ఫ్యాను చప్పుడులో నా మాట నీకు అందదు. మా తమ్ముడు, నీ రాజయ్య తాత, అతని ఆఖరి రోజు సంగతి చెప్తాను. కొంత అతను నాతో చెప్పిందే. కొంత జ్యోత్స్న అనే అమ్మాయి తర్వాత వచ్చి చెప్పింది. మిగిలింది నా కళ్లతో నేను చూసింది. మధ్యలో లేవకు.

ఆ రోజు పొద్దున ఏడింటికి రాజయ్య ముప్పై నాలుగు అంతస్తుల మీద, ఇనుప నిచ్చెన చివరి మెట్టుపై నిలబడి ఎర్ర దీపం అద్దం తుడుస్తున్నాడు. విమానాలకు అడ్డం తెలియాలని పెద్ద భవనాల నెత్తిన పెడతారే, ఆ దీపం. తడిగుడ్డతో ఒకసారి, పొడిగుడ్డతో ఒకసారి. పావురాల రెట్ట ఎండిపోయిన చోట గోటితో గీకేవాడు. సన్నటి మనిషి, మెడ కాస్త ముందుకు వంగి ఉండేది. ఎడమ చేతికి రాగి ఉంగరం. అరచేతులు ఆ నిచ్చెన కమ్ముల్లాగే గరుకు. మేం ఈ పుప్పాలగూడలో పుట్టినప్పుడు ఆ భవనం ఉన్న చోట అన్నీ బండలు, సీతాఫలం చెట్లు. ఆ బండలు పగలగొట్టిన పనిలో అతనున్నాడు, భవనం లేపిన పనిలోనూ ఉన్నాడు, చివరికి దాని నెత్తిన దీపానికి కాపలా అయ్యాడు. పన్నెండేళ్లు. భార్య పోయాక నా దగ్గరే ఉండేవాడు.

తుడవడం అయ్యాక పుస్తకం రాయాలి. తేదీ, వేళ, దీపం, గమనిక. గమనికలో ఎప్పుడూ ఒకటే: మంచిగ ఉన్నది. పన్నెండేళ్ల పుస్తకాల్లో అదే మాట. ఆ వేసవిలో మాత్రం మూడుసార్లు వేరేగా రాశాడు. “పడమట దూరాన ఉరుముల మబ్బు. మబ్బు పైన ఎర్ర వెలుగు. రెప్పపాటు.”

నాకు ఇంకా వివరంగా చెప్పాడు. “అక్కా, మెరుపంటే మబ్బులకెల్లి కిందికి దిగుతది గదా. ఇది మబ్బుకు మీద, ఉత్త ఆకాశంల. ఎర్ర తోటకూర కట్టను వేర్లతో సహా పట్టుకొని నిలబెట్టినట్టు. పైన ఎర్రగ గుబురు, కింద ఊదా రంగు వేర్లు. రెప్ప కొట్టేలోపల మాయం.”

“ఎండల తిరిగి తిరిగి కండ్లు మండినయి. చల్ల తాగి పండుకో” అన్నాను. అవును చిన్నూ, నేనూ నమ్మలేదు. ఆ తప్పు ముందే చెప్పేసుకుంటున్నాను.

అతని పైఅధికారి నరేందర్ ఆ పుస్తకం చదివాడు. “ఏంది కాకా, మళ్ల మొలిచిందా తోటకూర? కోసుకరా, పప్పుల ఏసుకుందం!” అందరూ నవ్వారు. రాజయ్య కూడా నవ్వాడు. అయితే ఆ రోజు నవ్వులాట కాదు. ఎత్తు మీద పనిచేసేవాళ్లకు ఏటా డాక్టరు పరీక్ష ఉంటుంది. మధ్యాహ్నం మూడింటికి డాక్టరు వస్తున్నాడు.

“కండ్ల ముంగట లేనిపోనివి కనపడుతున్నయంటే డాక్టరు సాబ్ సంతకం పెట్టడు కాకా. ఇగ నిన్ను మీదికి ఎక్కనియ్యరు. మూడో సెల్లార్ల పార్కింగ్‌కు ఏస్తరు” అని నరేందర్ మెల్లగా చెప్పాడు.

మూడో సెల్లారంటే భూమికి మూడు అంతస్తుల కింద. అక్కడ పొద్దుందో మాపుందో తెలియదు.

రాజయ్యకు ఒక్కటే ఆధారం మిగిలింది. దీపం పక్కన కెమెరా ఉంది. అందులో పడింది పదిహేను రోజులు ఉంటుంది, తర్వాత దాని మీదే కొత్తది ఎక్కుతుంది. మూడోసారి ఆ వెలుగు చూసి ఆ రోజుకు సరిగ్గా పదిహేను రోజులు. చూపించమని కంట్రోల్ రూముకు వెళ్తే, లోపలి ఆఫీసుల వాళ్లెవరైనా అడిగితేనే చూపిస్తామన్నారు.

మెడలో కార్డు ఉన్నవాళ్లతో అతను పన్నెండేళ్లలో మాట్లాడింది లేదు. ఆ రోజు లిఫ్టు పక్కన గోడకు ఆనుకుని నిలబడ్డాడు. చేతిలో మడిచిన క్యాలెండర్ కాగితం, దాని వెనక అతను గీసిన బొమ్మ. లిఫ్టు వచ్చింది, పోయింది. మళ్లీ వచ్చింది, పోయింది. పది దాటింది, పదకొండు దాటింది. చివరికి ఒక అమ్మాయి చేతిలో టీ కప్పుతో ఒంటరిగా వస్తుంటే నోరు పెగిలింది.

“బిడ్డా, జర ఇది చూస్తవా?”

ఆ అమ్మాయే జ్యోత్స్న. కాకినాడ పిల్ల, ఇరవై ఒకటో అంతస్తులో వాన లెక్కలు కట్టే ఆఫీసులో పని. బొమ్మ చూసి, కప్పు కింద పెట్టేసి అక్కడే మెట్టు మీద కూర్చుంది.

“ఇది మీరే గీశారా అండీ? ఎక్కడ చూశారు?”

“మీదికెల్లి. బీదర్ అవతల ఉరుముతుంటె.”

“వీటికి పేరుందండీ. స్ప్రైట్లంటారు. పెద్ద ఉరుముల మబ్బుకి చాలా పైన వెలుగుతాయి. విమానాలెగిరే ఎత్తుకి ఆరేడు రెట్లు పైన.” ఆమె బొమ్మను వెలుతురు వైపు తిప్పి చూసింది. “విమానాలు నడిపేవాళ్లు ఎప్పట్నించో చూస్తూనే ఉన్నారండీ. చెబితే పిచ్చనుకుని కిందికి దించేస్తారని చాలామంది నోరు మూసుకున్నారు. 1989లో అమెరికాలో ఎవరో కొత్త కెమెరా పరీక్షిస్తుంటే అనుకోకుండా అందులో పడ్డాయి. అప్పటిగ్గాని లోకం నమ్మలేదు.”

“గాలిల తిరిగెటోళ్లకు గూడ గిదే పరేషానా!” అని రాజయ్య నవ్వాడు. అంత పెద్దగా నవ్వడం అతనికే కొత్త.

ఆమె తన ఆఫీసు తరఫున కంట్రోల్ రూముకు ఉత్తరం పంపింది. రెండింటికి కంట్రోల్ రూములో తెర ముందు నిలబడ్డారు, రాజయ్య, జ్యోత్స్న, నరేందర్. పదిహేను రోజుల కిందటి సాయంత్రం కదిలింది. దీపం, నిచ్చెన, దూరాన పడమటి మబ్బు. అప్పుడు పక్కనుంచి ఒక చెయ్యి వచ్చింది. రాగి ఉంగరం ఉన్న చెయ్యి. కెమెరా మీద పాలిథీన్ కవరు కప్పి, తాడుతో ముడి బిగించింది. తెరంతా తెల్లగా అయిపోయింది. ఆ తెలుపులో దీపం మసగ్గా వెలుగుతూ ఆరుతూ ఉంది. ఏడు, ఎనిమిది, తొమ్మిది గంటలు దాటించారు. తెలుపే.

మబ్బు కనిపిస్తే కెమెరా తడవకుండా కవరు కట్టడం అతని పనే. చేతులు వాటంతట అవే చేసుకుపోతాయి, మనసును అడగవు. కట్టిన సంగతే అతనికి జ్ఞాపకం లేదు.

“కాకా, కట్టింది నువ్వే గదనే. యాదికి లేదా?” అన్నాడు నరేందర్. ఈసారి ఎగతాళి లేదు. ఎగతాళి చేసినా బాగుండేది.

“కెమెరాలో పడకపోతే లేనట్టు కాదండీ” అంది జ్యోత్స్న.

మూడింటికి డాక్టరు కళ్లు చూశాడు. గోడ మీది అక్షరాలన్నీ, చివరి చిన్న వరుసతో సహా, రాజయ్య తప్పు లేకుండా చదివాడు. అప్పుడు నరేందర్ దీపం పుస్తకం తెచ్చి ముందు పెట్టాడు. “మూడు తావుల కొట్టేసి, తప్పు రాసిన అని రాయి కాకా. సంతకం అయితది. అందరం మర్చిపోదం.”

రాజయ్య పెన్ను తీసుకున్నాడు. చాలాసేపు పట్టుకున్నాడు.

“సారూ, చూసింది చూడలేదని రాస్తె, రేపు దీపం ఆరిపోయిందని రాసినా ఈ బుక్కును ఎవరు నమ్ముతరు?”

పెన్ను కింద పెట్టాడు.

“నీ మొండితనం పాడుగాను! నీ మంచికే చెప్తున్న గదనే!” అని నరేందర్ అరిచాడు. అరిచి మొహం తిప్పుకున్నాడు. డాక్టరు కాగితం మీద పనికిరాడని రాశాడు. నడుము బెల్టు, కొక్కెం, నిచ్చెన గది తాళంచెవి తీసుకున్నారు. సాయంత్రం ఒక్కసారి దీపం తుడిచి వస్తానంటే ఒప్పుకోలేదు.

ఇంటికి వచ్చి మన మిద్దె మీద నీళ్ల ట్యాంకుకు వీపు ఆనించి కూర్చున్నాడు. అక్కడినుంచి చుట్టూ అపార్టుమెంట్లే కదా, రెంటి మధ్య జానెడు పడమర కనిపిస్తుంది. దాని వైపే చూస్తూ ఇదంతా నాకు చెప్పాడు. ఛాయ్ చల్లారిపోయింది, తాగలేదు.

“బొమ్మ ఆ బిడ్డకిచ్చిన. ఇంకోటి గీస్త” అని నీ ఎర్ర స్కెచ్ పెన్ను అడిగాడు. నువ్వు ట్యూషనుకు పోయావు, నేనే తీసిచ్చాను. గుబురంతా ఓపిగ్గా గీశాడు, ఆకు ఆకు. “ఇగ వేర్లు. ఊదా రంగుది చిన్ను సంచిల ఉంటది, తెస్తవా అక్కా?”

దిగాను. నీ బడి సంచి అంతా తిరగేస్తే పరీక్షల అట్ట కింద దొరికింది. మెట్లెక్కుతూ అనుకున్నాను, ఈసారి చెప్పేయాలి, నువ్వు చూసినవ్‌రా, నేను నమ్ముతున్న అని. ఆ మాట నోట్లో పెట్టుకునే పైకి వచ్చాను.

అతని తల ట్యాంకు మీదికి వాలి ఉంది. కళ్లు పడమరకే ఉన్నాయి. చేతిలో ఎర్ర పెన్ను ములుకు కాగితం మీద ఆగిపోయి, ఆ చోట రంగు ఊరి చుక్క పెద్దదవుతూ ఉంది.

జ్యోత్స్న వచ్చి తన ఫోనులో ఫొటో చూపించింది, ఎక్కడో కొండ మీంచి ఎవరో తీసింది. అచ్చంగా తోటకూర కట్టే చిన్నూ, వేర్లతో సహా. అతని మాట నిజమని నా తర్వాత చెప్పాల్సింది నువ్వే. మరిచిపోకు, నీ తోటి పిల్లలకు చెప్పు, రేపు నీ పిల్లలకు చెప్పు. కాగితం ఇదిగో, పైన గుబురే ఉంది, కింద ఖాళీ. ఇది ఆ ఊదా రంగు పెన్ను. దీని మూత ఇంతవరకు ఎవరూ తీయలేదు.