తల లేని ఏడు

కూతురు భాను చేతికి పచ్చబొట్టు పొడిపించిన దగ్గర్నుంచి గంగకి కంటి మీద కునుకు లేదు. పొడిపించక ముందూ లేదనుకోండి, అది వేరే భయం.

భానుకి చెవులు వినబడతాయి గానీ మాట రాదు. పేరడిగితే నవ్వుతుంది. ఊరడిగితే కొండవైపు చెయ్యి చూపిస్తుంది. ఆ మన్యంలో ఎటు చూపినా కొండే. పైగా కోడి కనబడితే చాలు, నాలుకని అంగిట్లో టక్ టక్ మనిపిస్తూ దాని వెనకే పోతుంది. ఈడొచ్చిన పిల్ల. తన మొగుడు సోమన్న జ్వరమొచ్చి పోయాక ఆ గుంటని కొంగుకి కట్టుకున్నట్టే తిరుగుతోంది గంగ. అడవికి అడ్డాకులు కోయడానికెళ్ళినా, కాఫీ పళ్ళు కోయడానికెళ్ళినా వెంట ఉండాల్సిందే. మొన్న వానల్లో ఒకసారి కంటి ముందు లేకుండా పోయి, పొద్దు వాలే వేళకి పక్క ఊళ్ళో ఎవరిదో కోళ్ళగూడు దగ్గర దొరికింది. దొరికే లోపల గంగ మనసులో పిల్లని కాటికి కూడా మోసేశారు.

అందుకే ముంచింగిపుట్టు సంతలో మిషనుతో పచ్చబొట్లు పొడిచే నరేష్ దగ్గర కూర్చోబెట్టి, పిల్ల ముంజేతి మీద తన ఫోను నెంబరు పొడిపించింది. మేనత్త యర్రమ్మ అది చూసి ముక్కున వేలేసుకుంది. ఆవిడ చేతుల మీద మోచేతుల దాకా సూదులతో పొడిచిన పాతకాలం చుక్కలూ తేళ్ళూను.

"పువ్వో తేలో పొడిపించక అంకెలేటే? సచ్చినాక మనతోటొచ్చే నగ అదొక్కటే. పైలోకంలో ఎవులికి ఫోను సేత్తాదే నీ కూతురు?"

"బతికుండగా దొరకాల కదత్తా," అంది గంగ.

నరేష్ ఆ రోజు పచ్చబొట్టు మీద ప్లాస్టిక్ కవరు చుట్టి, గొట్టం మందు ఒకటి చేతిలో పెట్టాడు. "పల్చగా రాయి. గోకనీకు. నాననీకు. పసుపు మాత్రం పుయ్యకు. పొక్కు దానంతటదే రాలాల. నువ్వు ముట్టుకున్నావా, రంగు దాంతో పాటే ఎల్లిపోద్ది."

"పసుపూ ఆముదం నేకుండా పచ్చెలా పండుద్దే?" అంది ఇంటికెళ్ళాక యర్రమ్మ.

గంగ ఇద్దరి మాటా విన్నది. పొద్దున్న గొట్టం మందు, సాయంత్రం పసుపూ ఆముదం. కొన్నాళ్ళకి చేతి మీద పొక్కు చింతతొక్కలా మందంగా కట్టింది. అంచులు లేచి నల్లగా రాలసాగాయి. అది చూసిన గంగ, పిల్ల చెయ్యి కుళ్ళిపోతోందనుకుంది. లోపల చీముందనీ, విషం భుజానికెక్కుతుందనీ, పెద్దాసుపత్రిలో చెయ్యి తీసేస్తారనీ, మాట లేని పిల్లకి చెయ్యి కూడా లేకుండా పోతుందనీ ఒకదాని వెనక ఒకటి వచ్చాయి ఆలోచనలు. పిల్లని ఒళ్ళో అదిమి పట్టుకుని, ఆముదంతో నానబెట్టి, గోటితో ఆ పొక్కంతా ఒలిచేసింది. భాను గింజుకుంది, తల్లి భుజం కొరికింది.

కింద చీమూ లేదు, నెత్తురూ లేదు. గులాబీ రంగులో కొత్త చర్మం ఉంది. అంకెలన్నీ ఉన్నాయి. ఒక్క చివరి ఏడుకి మాత్రం పైన అడ్డగీత లేదు. అది పొక్కుతో పాటే గంగ గోట్లోకి వచ్చేసింది. ఆశ్రమ పాఠశాలలో అయిదో తరగతి దాకా చదివిన గంగ ఆ చెయ్యిని ఎటు తిప్పి చూసినా, అది ఒకటి.

నరేష్ చూసి తల పట్టుకున్నాడు. "పసుపు పూసావు కదూ? ఇప్పుడు పచ్చి మీద పొడిత్తే నిజంగానే చీము పడతాది. బాగా ఆరనీ. నెల పోయాక తీసుకురా, ఏడుకి తల పెడతాను."

ఆ నెలంతా గంగ పొద్దున్నే చేతికి పసుపు పట్టిస్తూనే ఉంది. మానేస్తే ఏమవుతుందోనని భయం.

ఇవాళ ఆ తల పెట్టించడానికే సంతకొచ్చారు. నరేష్ ముందు ఇద్దరు కుర్రాళ్ళు కూర్చుని ఉన్నారు. భానుని బల్ల మీద కూర్చోబెట్టి, గంగ పక్క కొట్లో ఉప్పు పేకెట్టు తీసుకుంది. వెనక్కి తిరిగేసరికి బల్ల ఖాళీ.

"బాబూ, నా గుంటేదీ?"

"ఇక్కడే కూకుందమ్మా ఇందాకా," అన్నాడు నరేష్ మిషను ఆపి.

గంగ పరిగెత్తింది. అల్లం రాశుల మధ్య, ఎండుచేపల వరసలో, చీపుర్లు కట్టలు కట్టే చోట. "మాటరాని గుంట, పచ్చ గౌను, సూసారా?" అని కనబడిన ప్రతివాళ్ళనీ అడిగింది. కోళ్ళు అమ్మేవాళ్ళ దగ్గరికెళితే అక్కడ ఈకలూ గింజలూ తప్ప ఏమీ లేవు. "బేరం అయిపోనాది, జీపెక్కి ఎల్లిపోనారు," అన్నాడొక ముసలాయన.

జీపులు ఎటెటు పోతాయో తలుచుకుంది గంగ. పాడేరు, జోలాపుట్, ఆపైన ఒడిశా. దారి పొడుగునా లోయలు. వాళ్ళెవరో, ఎలాంటివాళ్ళో. అరవడం కూడా రాని పిల్ల.

"భయపడకు," అన్నాడు వెనకే వచ్చిన నరేష్. "సేతి మీద నెంబరుందిగా. ఎవులో ఒకలు ఫోను సేత్తారు. నాను బండేసుకుని జీపుల కాడ అడుగుతాను, నువ్విక్కడే ఉండు."

అతను వెళ్ళిపోయాక గంగ బల్ల మీద కూలబడి, ఫోను రెండు చేతుల్లో పట్టుకుని చూస్తూ కూర్చుంది. గంట గడిచినా అది మోగలేదు. నెంబరుంది. పసుపు తుడిస్తే కనబడుతుంది. ఎవరైనా మంచివాళ్ళు చూస్తారు, చదువుతారు, నొక్కుతారు. చివర ఏడు దగ్గరికొచ్చి...

ఒకటి నొక్కుతారు.

ఈ ఫోను పొద్దుగూకేదాకా పట్టుకు కూర్చున్నా మోగదు. మోగేది ఇంకెక్కడో. ఆ ఇంకెక్కడో ఎవరున్నారో తెలీదు గానీ, నెంబరు మాత్రం తనకి తెలుసు. తన నెంబరే నొక్కి, చివర ఏడు బదులు ఒకటి కొట్టింది.

"ఆఁ, వీరభద్రరావుని. ఎవరు?"

"బాబూ, మీకు నా పిల్ల గురించి..."

"నాకు లోన్ వద్దమ్మా." ఫోను పెట్టేశాడు.

మళ్ళీ చేసింది.

"బాబూ పెట్టేయకండి, మీ కాళ్ళట్టుకుంటాను. నా గుంట తప్పిపోనాది. మాట రాదు దానికి. సేతి మీద నా నెంబరు పొడిపించాను బాబూ, పొక్కు నానే పీకేసాను, ఏడు కాస్తా ఒకటయిపోనాది. ఆ ఒకటి మీరే."

"ఏటమ్మా గోల? నేను ఒకటేటి? చూడు, ఓటీపీ గీటీపీ నా దగ్గర నడవదు. పొద్దున్నుంచీ ఇదే పనయిపోయింది మీకు. ఇందాకా ఎవతో ఫోను చేసి, మీ పిల్ల కోళ్ళ గంప కాడ కూకుంది, వచ్చి తీసుకెల్లు అంటాది. నాకు పిల్లల్లేరు, కోళ్ళూ లేవు..."

"అదే బాబూ!" గంగ అరిచిన అరుపుకి ఉప్పు కొట్టువాడు బయటికొచ్చాడు. "అదే నా గుంట! ఏ ఊరన్నాది? బతికే ఉందన్నాదా?"

అవతల ఎవరో బెల్లం దిమ్మలకి వేలం పాడుతున్న కేకలు వినబడ్డాయి.

"ఊరు చెప్పనివ్వలేదమ్మా నేను," అన్నాడు. గొంతు మారింది. "తిట్టి పెట్టేశాను. మళ్ళీ చేస్తే బ్లాకు కొట్టేశాను."

"అంటే?"

"అంటే ఆవిడ ఎన్నిసార్లు చేసినా ఇక నాకు మోగదు. ఉండు, ఉండు, ఏడవకు. నెంబరు దీంట్లోనే ఉంటాది. నాకు తీయడం రాదు, కొట్లో కుర్రాణ్ణి అడిగి తీసి ఆవిడకే చేస్తాను. నీ నెంబరు నాకు పడింది కదా? పెట్టు, పెట్టు. లైను ఖాళీగా ఉంచు."

గంగ పెట్టేసింది. ఉప్పు కొట్టువాడు తెచ్చిన నీళ్ళు పక్కన పెట్టేసింది. ఆవిడ విసిగిపోయి పిల్లని రోడ్డు మీద వదిలేసి ఉంటుంది. అమ్మ నెంబరు కాదు అన్నాక ఎవరు మాత్రం ఎంతసేపు ఉంచుకుంటారు? పిల్ల ఇంకో కోడి వెనకపడి పోయి ఉంటుంది. పొద్దు కొండ మీదికొచ్చింది. గిట్టుబాటు కాని బేరాల వాళ్ళు గోనెలు దులుపుకుంటున్నారు. తన గోరు వంక చూసుకుంది గంగ. ఆ గోరు విరిచేసుకోవాలనిపించింది.

ఫోను మోగింది. కొత్త నెంబరు.

"ఒలమ్మా, నువ్వేనా తల్లివి?" ఆడగొంతు. "నా పేరు అప్పలనరసమ్మ, కోళ్ళు కొనడానికి సంతకొచ్చాను. పెదబయల్లో ఉన్నాం. జీపులో గంప పక్కన కూకుంటే ఎవులి పిల్లో అనుకున్నాను. నాను దిగితే అదీ దిగిపోనాది. నీ మొగుడేటమ్మా, పిల్లల్లేరని అరిచాడు?"

"ఆయన నా మొగుడు కాదమ్మా. గుంట బాగుందా? దాని కాడ ఫోనెట్టమ్మా, ఒకపాలి."

"మాట రాని పిల్లకి ఫోనేటే?"

"ఎట్టమ్మా, నీ కడుపు సల్లగుండ."

అవతల గాలి. కోడి ఒకటి కొక్కొరించింది. ఎవరో ఊపిరి పీలుస్తున్నారు. గంగ ఫోనుని చెవికి నొక్కుకుంది, చెవి నొప్పెట్టేలా. "భానూ, అమ్మని, అమ్మనే," అంది. అవతల ఊపిరి ఆగింది.

టక్. టక్ టక్.

గంగ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

"ఇన్నావా?" అంది అప్పలనరసమ్మ మళ్ళీ ఫోను తీసుకుని. "నాను కదలను, బేగి వచ్చీ. సేతి నిండా ఆ పసుపేటే తల్లీ, కడిగితే గానీ అంకెలు కనబడనేదు."

గంగకి కొత్త భయం పుట్టింది. "గట్టిగా రుద్దేసావా అమ్మా? అంకెలన్నీ ఉన్నాయా? ఒకపాలి సదువమ్మా."

ఆవిడ గొణుక్కుంటూనే ఒక్కో అంకె చదివింది. గంగ పెదాలు కదుపుతూ వెంట చదివింది. అన్నీ సరిపోయాయి. చివర, "ఒకటి," అంది ఆవిడ.

"ఏడు," అంది గంగ.

"ఏడుపెందుకే, పిల్ల దొరికింది కదా!"

"అది కాదమ్మా. ఏడు. అది ఏడు," అంది గంగ, అప్పటికి నిజంగానే ఏడుస్తూ.