త్రిభుజానికి మూడు చెప్పులు

ముప్పై ఏళ్ల సర్వీసులో త్రిభుజం ఏనాడూ లెక్కల టీచరమ్మ మాట జవదాటలేదు. కంప్యూటర్లోకి వెళ్లగానే దానికి కొమ్ములొచ్చాయి.

బళ్లో కొత్తగా బొమ్మలు గీసే సాఫ్ట్‌వేర్ పెట్టారు. తెర మీద చిన్న బాణం ఉంటుంది. "ముందుకు 100, కుడికి 90" అని వరుసగా రాసిస్తే చెప్పినంత నడుస్తుంది, చెప్పినంత తిరుగుతుంది, నడిచిన మేర గీత వదులుతుంది. సోమవారం ఆమె పిల్లల ముందు చతురస్రం గీయించింది. నాలుగుసార్లు తొంభై, చక్కగా కుదిరింది. అదే ఊపులో సమబాహు త్రిభుజానికి మూడుసార్లు అరవై రాసింది. దాని కోణం అరవై అని నిద్రలో లేపి అడిగినా చెబుతుంది మరి. బాణం మూడు గీతలు గీసి, నోరు తెరిచిన గిన్నెలాంటి బొమ్మ చూపించి ఆగిపోయింది.

"నూట ఇరవయ్యేమో టీచర్," అంది వెనక బెంచీ పిల్ల.

"త్రిభుజం గురించి నాకు నేర్పుతావా? కూర్చో!"

పిల్ల కూర్చుంది. 

శుక్రవారం స్వయంగా వచ్చి చూస్తానన్నాడు హెడ్మాస్టరు. అప్పటికీ త్రిభుజం రాకపోతే ఆ క్లాసు కంప్యూటర్ మాస్టారికి ఇచ్చేస్తాడట. టీచరమ్మకు ప్రాణం ఉసూరుమంది.

గురువారం సాయంత్రం బస్సు డ్రైవరు డ్యూటీ దిగి వచ్చిన భర్త, ఖాకీ చొక్కా విప్పకుండానే ఆమె ల్యాప్‌టాప్‌లోకి తొంగిచూశాడు.

"అరవై తిరగమంటే తిరగట్లేదండీ ఇది!"

"తిరిగిందిగా, నువ్వు చెప్పినంతా. లే, నువ్వే నడిచి చూడు."

హాల్లో కుర్చీలు పక్కకి జరిపి మూడు మూలల్లో మూడు చెప్పులు పెట్టాడు, రెండు ఆమెవి, ఒకటి తనది. ఆమె మొదటి చెప్పు నుంచి రెండోదాని దాకా నడిచింది.

"ఇప్పుడు మూడోదాని వైపు తిరుగు."

ఎదుటి గోడ వైపు మొహం పెట్టి ఉన్న ఆమెకు, ఇంచుమించు వెనక్కి తిరిగితే గానీ మూడో చెప్పు కనబడలేదు.

"రెండు రోడ్ల మధ్య మూల ఎంతయితే నాకేంటి? తిన్నగా పోయే బండిని ఎంత తిప్పాలో అదీ నాక్కావాల్సింది," అన్నాడు భర్త.

నూట ఎనభైలో అరవై పోతే నూట ఇరవై. చతురస్రంలో లోపలి మూలా, తిరగాల్సిన మలుపూ రెండూ తొంభయ్యే కాబట్టి తప్పు బయటపడలేదు. ఆమెకు ముందు సంతోషం వేసింది. ఆ వెంటనే వెనక బెంచీ పిల్ల గుర్తొచ్చి సిగ్గేసింది. 

శుక్రవారం హెడ్మాస్టరు తలుపు పక్కన కుర్చీ వేసుకున్నాడు. టీచరమ్మ కావాలనే అరవై రాసి, ఆ గిన్నెనే గీయించింది. ఆయన మొహం చిట్లించాడు.

"ఇది సోమవారం నేను చేసిన తప్పు. సరైన జవాబు ఆ రోజే చెప్పిన పిల్లని కసిరాను. అది ఇంకా పెద్ద తప్పు. రామ్మా, నువ్వే రాయి."

పిల్ల బెరుకుగా వచ్చి 120 రాసింది. బాణం మూడు మలుపులు తిరిగి, బయల్దేరిన చోటికే వచ్చి ఆగింది.

పిల్లకు ధైర్యం వచ్చింది. "మరి అయిదు భుజాలకి ఎంత టీచర్?"

టీచరమ్మ అలవాటుగా లోపలి కోణం నూట ఎనిమిది అనబోయి నాలుక కరుచుకుంది. బల్ల వెనక నుంచి ఇవతలికొచ్చి తన చెప్పులు రెండూ విప్పి నేల మీద పెట్టింది.

"ఇంకో మూడు కావాలర్రా!"

అందరికన్నా ముందు హెడ్మాస్టరు వంగి తన చెప్పులు విప్పాడు.