తలుపు అవతల నేనే

స్టూడియోలో అందరూ ఆయన్ని గొంతుబాబాయ్ అనేవాళ్ళు. పరాయి భాషల సినిమాల్లో చంపేవాళ్ళకీ చచ్చేవాళ్ళకీ మన మాటల్లో డబ్బింగ్ చెప్పడం ఆయన పని. మైకు ముందు పులి. మైకు వదిలి బయటికొస్తే, క్యూలో వెనకవాడు ముందుకు దూరినా సర్దుకుని నిలబడే రకం.

ఒక నెత్తుటి సినిమాలో హంతకుడి వేషం ఆయన గొంతుకే వచ్చింది. కథ పెద్దగా లేదు. ఒక ఇల్లు, అందులో తల్లీ కూతురూ. తండ్రిని వీధి మలుపులోనే చంపేసి, అతని ఫోను జేబులో వేసుకుని, వాడొచ్చి తలుపు కొడతాడు. లోపల్నుంచి కూతురు "ఎవరూ?" అంటుంది. వాడు "నేనే" అంటాడు. తలుపు తెరుచుకుంటుంది. ఇక అక్కణ్ణుంచి సుత్తి, మేకులు, గోడల మీదా సోఫా మీదా నెత్తురు. ఆ తర్వాత ఏం జరుగుతుందో చెప్తే అన్నం సహించదు, వదిలేద్దాం.

మనవాళ్ళ వింత అలవాటు ఒకటుంది చూశారూ. తలుపు కొట్టినవాణ్ణి ఎవరని అడిగితే పేరు చెప్పి చావడు. "నేనే" అంటాడు. లోపలివాళ్ళు కూడా అదేదో పెద్ద సాక్ష్యమైనట్టు గొళ్ళెం తీసేస్తారు. లోకంలో ఎవణ్ణడిగినా నేనే అంటాడు కదా అని ఒక్కరికీ తోచదు.

ఆ ఒక్క మాట దగ్గర ఆయన తల ప్రాణం తోకకొచ్చింది. గొంతు బొంగురు చేశాడు, పళ్ళు నూరాడు, ఊపిరి ఈడ్చి చూశాడు. డబ్బింగ్ చూసే అమ్మాయి ఒక్కటీ ఒప్పుకోలేదు.

"బాబాయ్, రాక్షసుడైతే తలుపు పగలగొడతాడు. వీడు తీయించుకుంటాడు. నువ్వు పని నుంచి ఇంటికెళ్ళి ఎలా చెప్తావో అలా చెప్పు చాలు."

ఆయన హెడ్‌ఫోన్లు సర్దుకుని కళ్ళు మూసుకున్నాడు. సొంత తలుపు కనిపించింది, దాని వెనక కూతురి అడుగుల చప్పుడు వినిపించింది. "నేనే" అన్నాడు, అలసటగా, ముద్దుగా. తెర మీద వాడి పెదాలు ఇంకాస్త కదులుతున్నాయి. ఖాళీ వదిలితే లిప్ తప్పుతుంది. అలవాటుగా నోటికొచ్చిన మాట పెట్టేశాడు: "తల్లీ."

నేనే తల్లీ. పెదాలకి అతికినట్టు సరిపోయింది. అమ్మాయి చేతుల మీద రోమాలు నిక్కబొడుచుకుంటే, అవి ఆయనకే చూపించి మురిసిపోయింది.

సినిమా విరగబడి ఆడింది. ఒక మధ్యాహ్నం ఆగలేక ఆయనా వెళ్ళి, వెనక వరసలో నక్కి కూర్చున్నాడు. "నేనే తల్లీ" అనగానే హాలంతా బిగుసుకుపోయింది. ముందు సీట్లో ఒకావిడ మొహానికి రెండు చేతులూ అడ్డం పెట్టుకుని, వేళ్ళ సందుల్లోంచి గుడ్లప్పగించి చూస్తోంది. సుత్తి లేచిన ప్రతిసారీ కేకలు, కేకల వెనకే నవ్వులు. ఇంటర్వెల్లో టీ కౌంటరు దగ్గర ఒక లావుపాటాయన తనకిది రెండోసారని గొప్పలు పోతున్నాడు.

"అంత నెత్తురు మళ్ళీ మళ్ళీ ఎలా చూస్తారండీ?" అని ఊరుకోలేక అడిగాడు బాబాయ్.

"నెత్తురు కోసం కాదండీ," అన్నాడాయన కప్పు ఊదుకుంటూ. "ఇది చూసి ఇంటికెళ్ళి తలుపేసుకుంటామే, ఆ గొళ్ళెం పడ్డ చప్పుడుంటుంది చూడండి. ప్రాణం లేచొచ్చినట్టుంటుంది. మామూలు రోజుల్లో ఆ చప్పుడు వినిపించను కూడా వినిపించదు."

బాబాయ్ తేలిపోతూ ఇంటికొచ్చాడు. పొద్దు వాలుతోంది, కరెంటు పోయి మెట్లన్నీ మసకగా ఉన్నాయి. భార్య నర్సు, డ్యూటీ నుంచి ఇంకా రాలేదు. కాలేజీ నుంచి వచ్చిన కూతురొక్కతే ఉంటుంది. తలుపు కొట్టాడు.

"ఎవరూ?"

"నేనే తల్లీ."

గొళ్ళెం సగం జరిగింది. ఆగింది. మళ్ళీ వెనక్కి పడింది.

జారిందేమో అనుకున్నాడు. "తియ్యమ్మా" అన్నాడు. లోపల కుర్చీ ఈడ్చిన చప్పుడైంది, తలుపుకి ఏదో బరువు ఆనింది. లోపల ఇంకెవరైనా ఉన్నారా? పిల్లకి ఏమైనా అయిందా? అరచేత్తో గట్టిగా బాదాడు. ఫోన్ చేశాడు. తలుపు వెనకే ఫోను మోగింది, వెంటనే చచ్చిపోయింది.

అప్పుడు వెలిగింది ఆయనకి. ఈ సినిమా నీకు కాదు అని కూతురికి తనే గట్టిగా చెప్పాడు. ఇంకేం, చూసేసింది.

తియ్యమ్మా అనడం, తలుపు బాదడం, తండ్రి ఫోన్లోంచి ఫోన్ చెయ్యడం, అన్నీ సినిమాలో పిల్ల గది తలుపేసుకున్నాక వాడు చేసినవే. తను ఏం చేసినా వాడిలాగే ఉంది. నాన్ననని చెప్దామని నోరు తెరిచాడు. అదీ అన్నాడు వాడు, మూడో రీల్లో, ఈ గొంతుతోనే. ఆయనకి ఏడుపొచ్చింది.

"నాన్నా," అంది లోపల్నుంచి సన్నగా. "నువ్వేనని తెలుసు. తీద్దామనే అనుకుంటున్నా. చెయ్యి రావట్లేదు. నువ్వు మాట్లాడకు నాన్నా, ప్లీజ్."

నోరు మూసుకున్నాడు. జన్మలో ఏ మైకు ముందూ అంత కష్టపడలేదాయన. దగ్గు వస్తే జేబురుమాలు నోట్లో కుక్కుకుని, తలుపుకి వీపానించి కింద కూర్చున్నాడు. అటువైపు పిల్ల కూడా అలాగే కూర్చున్నట్టుంది, తలుపు చెక్క వణుకుతోంది.

చాలాసేపటికి కుర్చీ పక్కకి జరిగింది. గొళ్ళెం తీసింది. పిల్ల చేతిలో ఇస్త్రీపెట్టె, ఎత్తి పట్టుకుని ఉంది. ఆయన మొహం చూశాక కింద పెట్టి, చొక్కా పట్టుకుని వెక్కివెక్కి ఏడ్చింది. ఆయన తల నిమిరాడే గానీ నోరు మెదపలేదు.

భార్యకి సంగతి తెలిశాక ఇద్దర్నీ కలిపి కడిగేసింది. "సినిమావాళ్ళు అడిగితే మాత్రం, ఇంట్లో పిల్లని పిలిచే పిలుపు ఇచ్చేస్తారా ఎవరైనా?" అంది.

సినిమా ఇంకా ఆడుతూనే ఉంది. ఎక్కడెక్కడి ఇళ్ళలోనో గొళ్ళేలు హాయిగా పడుతున్నాయి. సాయంత్రం బాబాయ్ మెట్లెక్కి వచ్చి, తలుపు ఒక్కసారి మెల్లగా తట్టి, చేతులు కట్టుకుని నిలబడతాడు.

"ఎవరూ?" అంటుంది కూతురు.

ఆయన మాట్లాడడు.

"ఎవరే?" అని వంటింట్లోంచి తల్లి.

"ఏం పలకట్లేదమ్మా," అంటుంది పిల్ల గొళ్ళెం తీస్తూ. "నాన్నే."