పంచదార వెయ్యని బిస్కెట్లు

కంటాసుపత్రిలో పెద్దాయన వేలి చివర సూది గుచ్చి, మీటరు వంక చూసి నర్సు నొసలు చిట్లించింది. "షుగరు మూడు వందల నలభై! ఇవాళ ఆపరేషన్ లేనట్టే."

బేకరీ నడిపే కోడలికి గుండె గుభేలుమంది. మామగారికి ఒక కన్ను ఎప్పుడో పోయింది. రెండోదానికి వెంటనే ఆపరేషన్ చెయ్యకపోతే అదీ దక్కదని డాక్టరు నెత్తీ నోరూ కొట్టుకుని చెప్పాడు.

"ఏం తిన్నారు తాతగారూ? నిజం చెప్పండి."

"ఒట్టు తల్లీ! పంచదార పలుకు కూడా ముట్టలేదు."

"అందరూ ఇదే మాట. దొంగచాటుగా లాగించెయ్యడం, ఇక్కడికొచ్చి ఒట్లు పెట్టడం! కన్ను మీది, మీ ఇష్టం."

పెద్దాయన తల వంచుకున్నాడు. ఎన్నడూ అబద్ధమాడని మనిషి దొంగలా కూర్చున్నాడు. కోడలు చూపు తిప్పుకుంది. ఖర్జూరపు పాకంతో బిస్కెట్లు చేసి, "పంచదార లేదుగా మామయ్యా, ఎన్నయినా తినండి" అని డబ్బా నింపి మంచం పక్కన పెట్టిందెవరు? పాపిష్టి చేతులు! తీపి చాలలేదని పాకం రెండింతలు పోసిందీ ఈ చేతులే. ఇప్పుడు నోరు విప్పితే ఇంట్లో తలెత్తుకోలేదు. విప్పకపోతే ఆయన ఇంటికెళ్లి మళ్లీ ఆ డబ్బానే తెరుస్తాడు.

"ఆయన్నేమీ అనకండి. పెట్టింది నేనే," అని జరిగిందంతా చెప్పేసింది.

నర్సు మీటరు పక్కన పెట్టింది. "ఖర్జూరం అయితేనేం, తేనె అయితేనేం అమ్మా, లోపలికెళ్లాక అదీ షుగరే. చెట్టున కాసిందని రక్తానికి తెలుస్తుందా? ముందు ఇన్సులిన్ ఇచ్చి దింపాలి. అందాకా ఆ కన్ను ఆగుతుందో లేదో నేను చెప్పలేను." డాక్టరును పిలవడానికి వెళ్లిపోయింది.

పెద్దాయన తడుముకుంటూ కోడలి చెయ్యి పట్టుకున్నాడు. "ఏడవకే పిచ్చిపిల్లా. ఈమధ్య నీ మొహం మరీ మసకేస్తుంటే కంటి జబ్బేలే అనుకున్నా."

కోడలికి ఒక్కసారిగా కొట్టు గుర్తొచ్చి, మొగుడికి ఫోన్ చేసింది.

"ఏవండీ, ఆ ఖర్జూరం బిస్కెట్లు అమ్మకండి! ఒక్కటి కూడా!"

"ఇంకెక్కడున్నాయి? పొద్దున్నే ఊడ్చేశారు. షుగరున్న మా నాన్నే రోజూ తింటున్నారని చెప్పా, అంతే, ఎగబడి పట్టుకుపోయారు."