రంగు కింద అరవై ఒకటి

షెడ్డులో అందరికీ ఆయన రంగుల బావ. పాత రైలు ఇంజన్లకు కొత్త రంగు పూసి కొత్త నంబరు వేయడం ఆయన ఉద్యోగం. ఇంజను డ్రైవరుకు సొంత అక్క మొగుడు కావడం ఆయన హోదా. ముసలాళ్లకి ముస్తాబు, తనకి జీతం అని నవ్వించేవాడు. ఆ వేళాకోళం ఎంత ముదిరిందంటే, ఆయన "నిప్పు" అన్నా జనం ముందు నవ్వి, ఆ తర్వాతే కాళ్ల కింద చూసుకునేవారు.

ఆ వారం కవలల్లాంటి రెండు ఇంజన్లు వచ్చాయి. ముప్ఫై ఎనిమిది దుక్కలా ఉంది. దానికి రెండువందల ఒకటి వేసి బండికి పంపాలి. అరవై ఒకటికి ఇరుసు పగిలింది. దానికి రెండువందల రెండు వేసి, ఇరుసు మార్చేదాకా షెడ్డులోనే ఉంచాలి. అడుగు రంగు పూశాక పాత నంబర్లు కనపడవు కనుక, పాత నంబరున్న రేకుబిళ్లను ఇంజను కొక్కేనికి వేలాడదీయడం అక్కడి పద్ధతి. బిళ్లల మీద రంగు కారుతోందని బావ వాటిని తీసి, ఏ లైనుది ఆ లైను పక్క గోడకి తగిలించాడు. ఆయన ఇంటికి వెళ్లాక షంటింగువాళ్లు రెండింటినీ బయటికి లాగి, మళ్లీ లోపలికి తోశారు. పొద్దున వచ్చి బావ గోడను చూసి నంబర్లు వేశాడు. ఇంజన్లు లైన్లు మారాయని గోడకేం తెలుసు?

మధ్యాహ్నం, షెడ్డులో మిగిలిన రెండువందల రెండుకు ఆఖరి పూత వేయబోతూ అలవాటుగా పక్కమీద చెయ్యి రాశాడు. పాత అంకెల అంచు ఎన్ని పూతల కిందనైనా వేలికి తగులుతుంది. అరవై ఒకటిలో ఒకటి ఉండాల్సిన చోట నిటారు గీత తగలాలి. వేలు ఒక వంపు తిరిగింది, ఇంకో వంపు తిరిగింది, బయల్దేరిన చోటికే వచ్చింది. ఎనిమిది. అంకె వంకర తిరిగేసరికి బావకి లోకమే గిర్రున తిరిగింది.

అంటే పగిలిన ఇరుసుది ప్యాసింజరు బండికి తగిలించి ఉంది. నడపబోయేది బావమరిది.

బావ పరిగెత్తాడు. బొజ్జ అడుగు ముందు, ఊపిరి రెండడుగులు వెనక. స్టేషన్లో సిగ్నలు ఇంకా ఎర్రగానే ఉంది.

"దిగరా. ఇది అరవై ఒకటి. ఇరుసు పగిలింది దీనికే."

బావమరిది కిటికీలోంచి తల బయటపెట్టాడు. "రెండువందల ఒకటని రాసింది నువ్వే కదా బావా. నీ రాత నువ్వే చదవలేకపోతే ఎలా?"

ప్లాట్‌ఫారం మీద ఎవరో కిసుక్కుమన్నారు. పోయిన నెలే చక్రం దగ్గర పాముందని బావమరిదిని పరిగెత్తించి, బావ రబ్బరు గొట్టం చూపించాడు మరి. బావ ఒట్టు పెట్టుకున్నాడు, ఒట్టుకీ నవ్వారు. ఇంతలో సూపర్‌వైజరు వచ్చి, హాస్యానికి బండి ఆపితే ఉద్యోగం ఊడుతుందని హెచ్చరించాడు. సిగ్నలు పచ్చబడింది. బావమరిది తల లోపలికి తీసుకున్నాడు.

బావ జేబులోంచి గీకుడు బద్ద తీశాడు. తన చేత్తో తీర్చిన నున్నటి ఒకటి మీద పెట్టి బలంకొద్దీ లాగాడు. ఆరని కొత్త రంగు పెచ్చులుగా రాలింది. సూపర్‌వైజరు భుజం పట్టుకున్నాడు. బావ విదిలించుకుని మళ్లీ లాగాడు. లోపల గట్టిపడ్డ పాత తెల్లరంగు బయటపడింది: ఆరు, దాని పక్కన నిటారుగా ఒకటి.

భుజం మీది చెయ్యి వదులైంది. సూపర్‌వైజరు గార్డు వైపు తిరిగి ఎర్రజెండా ఎత్తమని అరిచాడు. తర్వాత బావతో మెల్లగా అన్నాడు. "నీ ఉద్యోగం సంగతి తర్వాత. ముందు రెండో పక్క కూడా గీకు. ఈ నంబరుతో ఇది ఒక్క అడుగు కదలకూడదు."

బావమరిది మెట్లు దిగి వచ్చాడు. ఆ అరవై ఒకటిని వేలితో తడిమాడు.

"అక్కకి ఏం చెప్పేవాడివి బావా?"

బావ బద్ద పట్టుకుని ఇంజను రెండో పక్కకి నడిచాడు.